వానలాయన చేర్చిన లైను

ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా వానలాయన కీబోర్డును జేబురుమాలుతో తుడిచి, రెండు చూపుడు వేళ్ళతో కమాండు కొట్టడం మొదలుపెట్టాడు. పై బాణం మీట నొక్కితే పాత కమాండు దానంతటదే వస్తుందని ఆఫీసులో అందరూ చెప్పి చూశారు. ఆయన వినలేదు. ప్రతి అక్షరమూ కొట్టి, తెర మీద వేలు పెట్టి ఒకసారి చదువుకుని, అప్పుడు గానీ ఎంటర్ నొక్కడు.

మనిషి పొట్టి. చొక్కాకు మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకుంటాడు. ముక్కుకు రెండు పక్కలా కళ్ళజోడు చేసిన గుంటలున్నాయి. ఎడమ భుజం కాస్త పైకి లేచి ఉంటుంది. కంప్యూటర్లు రాని రోజుల్లో పదహారేళ్ళ పాటు ఫోను రిసీవరును ఆ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, కొండల మీది నలభై కేంద్రాల వాళ్ళు చెప్పే వాన లెక్కలు రాసుకున్న గుర్తు అది. ఇప్పుడా లెక్కలన్నీ ఎక్కడో ఉన్న ఒక సర్వరులో పడుతున్నాయి. రోజూ పొద్దున ఒక చిన్న ప్రోగ్రాంతో ఆ సర్వరును అడిగి, ఫైలు తెచ్చి, నెల పట్టికలో చేర్చడం ఆయన ఉద్యోగం. ఫోను పోయి తెర వచ్చినా, ముప్పై నాలుగేళ్ళుగా వాన లెక్కలే ఆయన పని. ఆయనకు వేరే పేరు ఉందన్న సంగతి హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఇరవై నాలుగు రోజుల సెలవు తరువాత ఆయన ఆఫీసుకు రావడం అదే మొదటి రోజు. ఉద్యోగంలో ఆఖరి రోజు కూడా అదే. భార్యకు గుండె ఆపరేషన్ అయింది. బాగానే అయింది. ఆ పొద్దున ఆమె మంచం మీద కూర్చుని తన జడ తనే వేసుకుంటుంటే చూసి, ఆయన స్నానాల గదిలోకి వెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాడు.

"వెళ్ళిరండి, ఒక్కరోజేగా మిగిలింది," అంది ఆమె. "ఆ కంప్యూటరుకు కూడా ఒక మాట చెప్పి రండి."

ఎంటర్ నొక్కాడు. ఫైలు వచ్చింది. తెరిస్తే అందులో అంకెలు లేవు. నల్లటి డబ్బాలూ, ప్రశ్నార్థకాలూ, ఏ భాషవో తెలియని గీతలూ ఉన్నాయి.

తలుపు దగ్గర అలికిడైతే తిరిగి చూశాడు. రికార్డు గదిలో పనిచేసే అమ్మాయి. ఆయన లేని ఇరవై నాలుగు రోజులూ ఈ పని ఆమే చూసింది. అమ్మాయి అనడమే గానీ ముప్పై అయిదేళ్ళు, ఇద్దరు పిల్లలు, ఏటేటా పొడిగిస్తే తప్ప నిలవని ఉద్యోగం. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అన్నీ ఇలాగే ఉన్నాయి బాబాయ్ గారూ," అంది. "మీరు వెళ్ళిన నాలుగో రోజు నుంచీ ఇంతే. ఫైలు వచ్చిందా లేదా అని చూశానే గానీ తెరిచి చూడలేదు. నిన్న నెల పట్టిక వేద్దామని తెరిస్తే ఇదీ సంగతి."

"ఎన్ని?"

"ఇవాళ్టిది కాక ఇరవై ఒకటి. ఆఫీసరు గారు నాలుగింటికి రమ్మన్నారు. ఈ ఏడు నన్ను పొడిగించరేమో."

వానలాయన కుర్చీ ఆమె వైపు తిప్పాడు. ఆ సర్వరు ఏడు రోజుల లెక్కలే దాచుకుంటుంది, అంతకు ముందువి తుడిచేస్తుంది. ఆఖరి ఏడు రోజులవీ మళ్ళీ అడిగి తెచ్చుకోవచ్చు. తక్కిన పద్నాలుగు రోజుల వాన ఇక ఎక్కడా దొరకదు. ఆయన ఉద్యోగంలో చేరక ముందు నుంచీ ఆ పట్టికలో ఒక్క రోజు ఖాళీ లేదు. ఒకసారి గాలివానకు ఫోను తీగలు తెగితే, మూడు కేంద్రాలకు బస్సుల్లో తిరిగి లెక్కలు రాసుకొచ్చాడు. ఇప్పుడు ఖాళీ పడితే పట్టికకు ఒక మచ్చ. ఈ పిల్లకైతే కూడే పోతుంది.

"తెరిచాక సేవ్ చేశావా?"

"లేదు. చెయ్యాలా అని అడిగింది. భయమేసి వద్దని మూసేశా."

"మంచిపని చేశావు. కూర్చో."

అది ఎందుకు మంచిపనో అప్పటికి ఆయనకూ సరిగ్గా తెలియదు. ఏడుపు మొహంతో ఉన్న మనిషికి ఏదో ఒక మంచిమాట చెప్పాలి కదా.

ఇరవై ఒక్క ఫైళ్ళనూ తెర మీద వరసగా పరిచాడు. ఆయన ఇన్నేళ్ళూ తెచ్చిన ఫైళ్ళన్నీ ఒకటే సైజు. నలభై కేంద్రాలకు నలభై వరసలు, గంటకో అంకె. సున్నా అయినా, తొంభై అయినా పట్టే చోటు ఒక్కటే. ఇవి అలా లేవు. పాత వాటిలో నాలుగో వంతు కూడా లేవు, పైగా ఒక్కొక్కటీ ఒక్కో సైజు. మధ్యాహ్నం దాకా ఆ సైజులనే చూస్తూ కూర్చున్నాడు. ఆ అమ్మాయి తెచ్చిపెట్టిన టీ చల్లారి మీగడ కట్టింది.

తొమ్మిదో ఫైలూ, పదో ఫైలూ తక్కిన వాటికంటే లావుగా ఉన్నాయి. తేదీలు చూసి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఆపరేషనైన మర్నాడూ, ఆ మర్నాడూ. ఆ రెండు రోజులూ ఆసుపత్రి వరండాలో ఆయన కూర్చున్న బెంచీ మీదికి జల్లు కొడుతూనే ఉంది. తడిసిన కాళ్ళు ముడుచుకుని, కొండల మీద ఎంత పడుతోందో అని ఆ దిగుల్లోనూ అనుకున్నాడు. పదిహేనో ఫైలు అన్నిటికంటే బక్కగా ఉంది. ఆ రోజు ఆసుపత్రి నుంచి తెచ్చిన దుప్పట్లు ఉతికి ఆరేస్తే గంటలో ఆరిపోయాయి.

"వాన లోపలే ఉందమ్మా," అన్నాడు.

"ఎక్కడ బాబాయ్ గారూ?"

"వాన పడ్డ రోజు ఫైలు లావెక్కింది, ఎండ కాసిన రోజు చిక్కిపోయింది, చూడు. వరసంతా సున్నాలే అయితే అన్నీ సున్నాలేనని ఒక్కమాటలో చెప్పేయొచ్చు. ఎవరో కుదించి మూట కట్టారు. పాడైపోయిన ఫైలుకు ఎండా వానా ఎలా తెలుస్తాయి?"

ఎవరు కట్టారా అని ఆలోచించేసరికి ఆయనకు తన పాత లైనొకటి గుర్తొచ్చింది.

ఆ ప్రోగ్రాం పని మొదలుపెట్టే ముందు చదువుకునే చిన్న ఫైలొకటి ఉంది. రోజూ చెప్పే మాటలు అందులో ఒకసారి రాసి ఉంచితే చాలు. పదకొండేళ్ళ కిందట, ఇంటర్నెట్ నత్తనడక నడిచే రోజుల్లో, ఏదో పుస్తకంలో చూసి ఆయన అందులో ఒక లైను చేర్చాడు. కుదించి పంపినా తీసుకుంటానని సర్వరుకు చెప్పే లైను అది. అడగందే అమ్మయినా పెట్టదు కదా అనుకున్నాడు. మర్నాటి నుంచీ ఫైలు చిటికెలో వస్తోందని క్యాంటీనులో వారం రోజులు చెప్పుకున్నాడు. నిజానికి ఆ సర్వరుకు కుదించడమే రాదు. పదకొండేళ్ళూ ఆయన రోజూ అడిగాడు, అది రోజూ విననట్టే మామూలు ఫైలు పంపింది. వేగమంతా ఆయన మనసులోనే ఉంది.

సెలవులో ఉండగా వచ్చిన మెయిళ్ళు తిరగేస్తే మిగతాది తేలింది. ఆయన వెళ్ళిన నాలుగో రోజున అవతలివాళ్ళు సర్వరు మార్చారు. కొత్తది మర్యాద తెలిసింది, అడిగింది అడిగినట్టే ఇచ్చింది. వచ్చిన మూటను విప్పమని మాత్రం ప్రోగ్రాంకు ఆయన ఏనాడూ చెప్పలేదు. చెప్పని పని అది చెయ్యదు. మూటను మూటగానే తెచ్చి పెట్టింది.

పాత లైను తీసేసి, దాని చోట ఒక్క మాట పెట్టాడు. కుదించి పంపమని అడగడమూ, రాగానే విప్పడమూ రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. కమాండు మళ్ళీ మొదటి నుంచీ కొట్టాడు. నలభై వరసలు, నలభై కేంద్రాలు, అంకె పక్కన అంకె. తరువాత పాత ఫైళ్ళను ఒక్కొక్కటే విప్పాడు. తొమ్మిదో రోజు వాన తెర నిండా పరుచుకునేసరికి, ఆ అమ్మాయి కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

ఇక తేలు కుట్టిన దొంగలా ఊరుకోవచ్చు. సర్వరు మారిందండీ, ఈ అమ్మాయి చూసుకోలేదు అంటే సరిపోతుంది, అందులో అబద్ధం కూడా లేదు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క మాట పడని ఉద్యోగం, ఇంకో రెండు గంటలు. ఆ ఆలోచన ఆయనకు వచ్చింది. అది వెళ్ళిపోయేదాకా కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

నాలుగింటికి ఆమెతో పాటు ఆయనా ఆఫీసరు గదిలోకి వెళ్ళాడు. ఆఫీసరు ఆయన కంటే పదేళ్ళు చిన్న. బల్ల మీద ఆ అమ్మాయి పేర టైపు చేసిన మెమో ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

"లెక్కలన్నీ దొరికాయండీ, ఒక్కటీ పోలేదు," అన్నాడు వానలాయన. "తప్పు నాది. పదకొండేళ్ళ కిందటిది." ఉన్నదంతా చెప్పాడు. "ఈ అమ్మాయి కంగారులో సేవ్ నొక్కి ఉంటే మూట చోట ఆ డబ్బాలూ ప్రశ్నార్థకాలే మిగిలి, లెక్కలు నిజంగానే పోయేవి. ఫైలు తెరిచి చూడలేదంటారా, నేను పదకొండేళ్ళుగా నా లైను తెరిచి చూసుకోలేదు."

ఆఫీసరు బల్ల మీది మెమో చేతిలోకి తీసుకున్నాడు.

"అయితే ఈ మెమో మీకివ్వాలి," అన్నాడు. గోడ గడియారం చూశాడు. "ఇంకో గంటలో మీరు ఉద్యోగంలోనే ఉండరు. ఏం చేసుకుంటారు దీన్ని?"

"వెనకవైపు ఖాళీగా ఉందండీ. ఇప్పిస్తే పనికొస్తుంది."

ఆఫీసరుకు నవ్వాగలేదు. కాగితానికి అడ్డంగా గీత కొట్టి ఇచ్చేశాడు. "నువ్వు వెళ్ళి పని చూసుకోమ్మా. పొడిగింపు కాగితం సోమవారం పంపిస్తా."

వరండాలోకి రాగానే ఆ అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. "ఆఖరి రోజున మీ మీద వేసుకోవాల్సింది కాదు బాబాయ్ గారూ."

"ఆఖరి రోజున కాకపోతే ఎప్పుడు చెప్తాను? రేపు వస్తే గేటు దగ్గర ఆపేస్తారు."

అయిదింటికి ఆయన వెళ్ళిపోయాడు. మెట్ల మీద ఇద్దరు ముగ్గురు చెయ్యి పట్టుకుని ఊపారు. బస్సు కోసం నిలబడి భార్యకు ఫోను చేస్తే, ఆఖరి రోజున ఏం చేశారని ఆమె అడిగింది. పద్నాలుగు రోజుల వాన పోతే వెతికిపెట్టానన్నాడు. ఒళ్ళు తేలికగా ఉంది, ఆకలి కూడా వేస్తోంది.

మర్నాడు ఎనిమిదికి ఆ అమ్మాయి వచ్చేసరికి కుర్చీ బల్ల కిందికి తోసి ఉంది. తెర అంచుకు టేపుతో అంటించిన కాగితం మీద గుండ్రటి చేతిరాత: 'రోజూ తెరిచి చూడు. చదవడానికి రాకపోతే సేవ్ చెయ్యకు, కంగారు పడకు. నాకు ఫోను చెయ్యి.' కింద ఇంటి నంబరు, ప్రతి అంకే విడివిడిగా. కిటికీలోంచి ఎండ పడి, ఆ మాటల వెనక ఆమె పేరు టైపు అక్షరాల్లో తిరగబడి కనిపిస్తోంది, ఆఫీసరు కొట్టిన గీతతో సహా.