బెంగుళూరు మొక్కకు పచ్చకామెర్లు

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు, మామిడి కోతలు అయిపోయాక, లక్ష్మీనరసింహారావుగారు బెంగుళూరు నుంచి ఒక మొక్క తెచ్చారు. మా రెడ్డిగూడెంలో పెద్ద మామిడితోట ఆయనది. మొక్క మోకాలెత్తు ఉంది. గుండ్రంగా, ఒత్తుగా, రెమ్మలన్నీ దణ్ణం పెడుతున్న చేతుల్లా నిటారుగా ఉన్నాయి. రైల్లో గోనెపట్టా చుట్టి తెచ్చారేమో, ముదురాకు రంగులో నీరసంగా కనిపించింది.

తోటలోని పెంకుటింటి ముందు దాన్ని నాటించి, తోట కాపలా పోతురాజును పిలిచారు.

"ఒరే, ఇది ఆకు రాల్చే జాతి కాదు. అక్కడ దొరల బంగళాల ముందు చూశాను, కళ్లు చెదిరాయి. మేం కాశీ వెళ్తున్నాం. వచ్చేసరికి పచ్చగా కళకళలాడాలి. తేడా వచ్చిందో, నిన్ను బాపులపాడు చేలో దించుతా."

"అట్టాగే అయ్యగారూ. పచ్చగా ఉంచుతా."

బాపులపాడులో అయ్యగారి వరిపొలం ఉంది. అక్కడ పనివాళ్ల మీద పెత్తనం పోతురాజు బావమరిది సుబ్బారావుది. వాడి నోరు మంచిది కాదు. ఇక్కడైతే పోతురాజుకు తోటలోనే పాక, మామిడి నీడన గేదె, అడిగేవాడు లేడు. అక్కడికి పోతే మోకాలి లోతు బురదలో వంగి, పొద్దస్తమానం బావమరిది చేత మాటలు పడాలి. అందుకని ఆ మొక్కను కన్నబిడ్డకంటే ఎక్కువ చూసుకున్నాడు.

అయ్యగారు వెళ్లాక వానలు ఆగి ఎండ కాసింది. మొక్కకు కొసల నుంచి రంగు తిరగడం మొదలైంది. ముందు నిమ్మపండు రంగు, తరవాత పసుపుకొమ్ము రంగు.

నేను పక్క తోటలో మామిడి అంట్లు కట్టేవాణ్ణి. పోతురాజు పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, మొక్క పోతోంది!"

వెళ్లి చూశాను. మామిడికి ఆకు పసుపెక్కితే వేరు చెడ్డట్టు. దీని సంగతి నాకు తెలియదు. "ఏమో" అన్నాను.

పోతురాజు పెళ్లాం అచ్చమ్మ మాత్రం చూడగానే తేల్చేసింది. "ఇది పచ్చకామెర్లయ్యా. మా చిన్నాయనకు ఇట్టాగే ముందు కళ్లకు రంగు తిరిగింది, తరవాత గోళ్లకు."

"మొక్కకు కామెర్లేంటే?"

"రావని నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. పోతురాజు చాట్రాయి వెళ్లి సలోమోనును తీసుకొచ్చాడు. కామెర్లకు పసరు పోసే మనిషి. సలోమోను మొక్క చుట్టూ తిరిగి, ఒక రెమ్మ నలిపి వాసన చూసి, "బాగా ముదిరింది" అన్నాడు. నేలఉసిరి నూరి మజ్జిగలో కలిపి మొక్క మొదట్లో పోయించాడు.

"ఎండ పొడ తగలకూడదు. ఉప్పు, నూనె, వంకాయ పనికిరావు."

"దానికి వంకాయ ఎవరు పెడతారయ్యా?" అంది అచ్చమ్మ.

"పథ్యం చెప్పడం నా పని. తరవాత నన్నంటే ఊరుకోను."

పోతురాజు మొక్క మీద తాటాకు పందిరి వేసి, చుట్టూ దడి కట్టాడు. గాలికి వాసన తగులుతుందేమోనని ఇంట్లో వంకాయ వండటం కూడా మానిపించాడు. మందు పనిచేసింది. పందిరి కింద కొత్త రెమ్మలు ముదురాకు రంగులో వచ్చాయి. పాత వాటి పసుపూ మెల్లగా విరిగింది. సలోమోను ఒక కోడిపెట్టను చంకన పెట్టుకుని వెళ్లాడు.

దసరా దాటాక అయ్యగారు వచ్చారు. వెంట భార్య బసవమ్మగారు, ఆవిడ తమ్ముడు ప్రభాకరరావుగారు. ఆయన నూజివీడులో ప్లీడరు. "రావయ్యా, చెట్టుకు పట్టిన బంగారం చూపిస్తా" అని దారి పొడుగునా ఊరించి తీసుకొచ్చారట. పోతురాజు తలగుడ్డ సర్దుకుని, పెళ్లిపీటల మీద తెర తీసినట్టు దడి తీశాడు.

ప్లీడరుగారు వంగి చూశారు.

"బావా, ఇది గోరింట కంచెలా ఉందే. బంగారం ఏదీ?"

"ఏం చేశావురా దీన్ని?" అని అరిచారు అయ్యగారు.

"నయం చేశానండీ."

"పచ్చగా ఉంచమన్నానా లేదా?"

"పచ్చగానే ఉందండీ! మధ్యలో పచ్చబడిపోతే, పసరు పోయించి మళ్లీ పచ్చగా చేశానండీ!"

ప్లీడరుగారు నవ్వు ఆపుకోలేక అరుగు మీద కూలబడ్డారు. "ఇందులో ఏ పచ్చ ఏదిరా అబ్బాయ్?"

"పసుపుపచ్చరా వెధవా, పసుపుపచ్చ! అదే దాని అందం!" అన్నారు అయ్యగారు.

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?" అన్నారు బసవమ్మగారు. "మా పిన్ని కూతురి పెళ్లికి మీరే పచ్చచీర కట్టుకోమన్నారు. కట్టుకొస్తే ఇది కాదన్నారు. నేను రెండుసార్లు మార్చాను."

"అక్కయ్య సాక్ష్యం గట్టిగా ఉంది బావా."

దాంతో అయ్యగారి కోపం ఇంకా పెరిగింది. పందిరి రాటలు పీకి పారేశారు. "ఇది మళ్లీ పసుపు తిరిగేదాకా ఇక్కడే చావు. తిరిగిన రోజునే మూట కట్టుకుని బాపులపాడు నడువు!"

ఎండ తగలగానే కొసలు మళ్లీ మెరవడం మొదలైంది. పోతురాజుకు అన్నం సయించలేదు. నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"తిరిగిపోతోందన్నా. ఇంక వెళ్లాల్సిందే."

"అయ్యగారు పందిరి పీకారు గానీ, నీడ పడకూడదనలేదుగా" అన్నాను.

చటుక్కున లేచి పాక వైపు పరుగెత్తాడు.

మర్నాటి నుంచి మొక్కకు పడమటి పక్కన అచ్చమ్మ బట్టల దండెం వెలిసింది. తడి గోనెలు, బొంతలు, చీరలు, ఎప్పుడూ ఏదో ఒకటి వేలాడుతూ ఉండేది. తూర్పు వైపు రెమ్మలు బంగారంలా తిరిగాయి. పడమటి వైపువి అట్లాగే ఉండిపోయాయి.

అయ్యగారు వచ్చినప్పుడల్లా అడిగేవారు. "ఇంకా సగమే తిరిగిందేంట్రా?"

"మొండి జబ్బండీ."

బసవమ్మగారు ఒకసారి దండెం వైపు చూశారు. అచ్చమ్మ నేల చూపులు చూసింది. "దాన్ని తీయకు. ఇక్కడ బట్టలు బాగా ఆరతాయి" అని ఆవిడ లోపలికి వెళ్లారు.

వేసవిలో కాయల బేరానికి బెజవాడ షావుకారు వచ్చాడు. పెంకుటింటి ముందు ఆగిపోయాడు. "ఇదేం జాతండీ? ఒక పక్క బంగారం, ఒక పక్క మరకతం! మద్రాసులో కూడా చూడలేదు."

అయ్యగారు మీసం సవరించుకున్నారు. "దొరకదు లెండి. ప్రత్యేకంగా పెంచించాం."

షావుకారు వెళ్లాక పోతురాజును పక్కకు పిలిచారు. "ఒరే, ఇది ఇట్లాగే ఉండాలి. మధ్య గీత చెరగకూడదు. ఇంకొకడికి చేతకాదు, నువ్వు తోట వదిలి కదలడానికి వీల్లేదు."

పోతురాజు తేలిపోతూ పాకకు వచ్చి చెప్పాడు. అచ్చమ్మ తల పట్టుకుంది.

"ఏడాది పొడుగునా ఆ దండెం నింపడానికి నాకున్నవి రెండు చీరలయ్యా!"

ఆ మాట బయటికి పొక్కింది. అప్పట్నుంచి మా పేటలో ఎవరు ఏది ఉతికినా తెచ్చి అక్కడే ఆరేసేవారు. నా పంచె కూడా ఇచ్చాను.