పేరు తరువాత విడిచిన చోటు

చైత్రారంభమున గౌతమీనది క్షీణజలయై రెండు సన్నని పాయలుగా చీలి తన నడుమ ధవళసైకతవిలసితమైన లంక నొకదానిని వెండిపళ్లెరమువలె నెత్తిపట్టుకొని యుండగా, ప్రాగ్దిశాముఖమున నరుణరేఖ వత్తునా మానుదునా యని తటపటాయించుచుండగా, రేవుగుంజలపై వ్రాలిన నీటికాకులు తడిసిన రెక్కలు విప్పి యారబెట్టుకొనుచు లోకమంతయు చేపలదొంగలతో నిండినదన్నట్లు మెడలు త్రిప్పి త్రిప్పి చూచుచుండెను.

ఆ లంకమట్టి సారము సామాన్యమైనది కాదు. అందు కాచిన గుమ్మడికాయ నొకదానిని తొలిచి పడవవాడొకడు సకుటుంబముగా కాపురము చేసెనని మా తాత చెప్పెడివాడు. అది నేను నమ్మను. వాడందు వంట మాత్రమే చేసికొనెను, కాపురము బయటనే. ఇట్టి సకలసస్యసంవర్ధకమైన నేలయందు అణుమాత్రమైనను పెరుగని వస్తు వొక్కటి యుండెను. అది ఫిలేమోను ఆత్మ.

ఈ ఫిలేమోను పుచ్చపాదుల రైతు. ఆజానుబాహువు, శ్మశ్రుమండితవదనుడు, సకలజనశంకాధురంధరుడు. మంచెపై కూర్చుండి తన కాయలను నక్కలనుండియు నక్కలకంటె నెక్కువగా బంధువులనుండియు కాపాడుకొనువాడు. సంఘము కూడుకొన్నప్పుడు ఇతరుల ప్రార్థనలకు వాడు పలికెడు ఆమేనునకు ఆవలిగట్టు కొంగలు లేచి రెండూళ్లవతల దిగెడివని ప్రతీతి. అయినను తన నోట తన మాటగా ఒక్క ప్రార్థన చేసి యెరుగడు. ఇంట భార్య దోర్కమ్మ చేయును. మందిరమున హనోకు ఉపదేశి చేయును. రేవు దాటించుటకు పడవవాడుండగా ఎక్కినవాడు గెడ వేయునా యని వాని వాదము.

ఆ సంఘమున నొక యాచార ముండెను. పొయ్యిమీద నెసరు పెట్టునపుడెల్ల ఇల్లాలు పిడికెడు బియ్యము దేవుని పేర వేరొక కుండలో వేయును. ఆదివారమున దానిని మందిరమునకు తెచ్చి ఉపదేశి భుక్తికై యిత్తురు. దోర్కమ్మ వేసిన మేలిబియ్యమును ఫిలేమోను గుట్టుగా తీసి నూకలు పోసి తెచ్చుచుండెను. తాను నూకలిచ్చుచున్నాడు గావున ఉపదేశియు తనకు నూకల ప్రార్థనయే చేయుచుండునని వానికి గాఢమైన అనుమానము. ఈ తర్కమునందు లోపమేమియు లేదు, లోపమంతయు బియ్యమునందే.

ఇట్లుండగా పునరుత్థానపు ఆదివారము సమీపించెను. ప్రభుభోజన మిచ్చు నధికారము గల అయ్యగారు ఏటి ఆవలినుండి ఆ పండుగకు వచ్చును. ఆ భోజనపు బల్లయొద్దకు వచ్చు ప్రతివాడును ప్రభువుతో తన నడక యెట్లున్నదో తన నోట నొకమాట చెప్పవలెనని ఆయన నియమము. క్రిందటియేడు ఫిలేమోను ఇంటివద్ద భార్య వల్లించుకొన్న సాక్ష్యమునే కంఠస్థము చేసి ఆమెకంటె ముందుగా లేచి మక్కికి మక్కిగా ఒప్పజెప్పుచు "కాన్పుగండమునుండి నన్ను లేవనెత్తితివి" అనునంతవరకు వచ్చి సభ గొల్లుమనగా గ్రహించి కూలబడెను. అయ్యగారు నవ్వలేదు. "వచ్చెడి యేడు నీ మాట తెమ్ము. అంతవరకు బల్లయొద్దకు రావలదు" అని శాంతముగా చెప్పెను.

ఆ యేడు ముగియవచ్చెను; మాట మాత్రము రాలేదు. ఈ మారును ఎల్లరు చూచుచుండ వెనుక చాపమీద మిగిలిపోవుదునేమో యను భయము వానిని పట్టుకొనెను. దానికి లోతున దేవుడు నిజముగానే తన్ను మరచెనేమో యను భయము వేరొకటి యుండెను. కాని దానికి వాడు పేరు పెట్టలేదు. దానికి బదులు ఉపదేశికి పేరు పెట్టెను.

"సీలాసును చూడుడు" అని మంచెపై తనలో తాను వాదించుకొనును. "నిన్నమొన్నటిదాక కోడిపందెముల మొనగాడు. నేడు వాడు ప్రార్థించినచో ముసలమ్మలు కొంగులు తడుపుకొందురు. నా మడికి రావలసిన నీరు ఉపదేశి వాని మడికి మళ్లించెను." దీవెనవేళ నెల్లరు కన్నులు మూసికొనగా ఫిలేమోనొక్కడు ఒంటికన్ను తెరచి ఉపదేశి చేతులు ఏ వైపు వ్రాలునో పరీక్షించెడివాడు. ఎడమచేయి సీలాసువైపు జానెడు వంగెనని ప్రమాణము చేయును. ఉపదేశికి ఎడమభుజమున వాతమని లోకమెల్ల నెరుగును.

తుదకు శుక్రవారపు వేకువన వాడు పిల్లివలె నడచి ఉపదేశి యింటి తడికకు చెవి యానించి నిలిచెను. లోపల హనోకు మోకరించి ఇంటింటి పేర్లు చెప్పి ప్రార్థించుచుండెను. ఒకరి జ్వరము, ఒకరి కలహము, ఒకరి త్రాగుడు. "ప్రభువా, ఫిలేమోను" అనెను. పిమ్మట నిశ్శబ్దము. నీటికాకి మునిగి యావల తేలునంత నిశ్శబ్దము. పిమ్మట "ప్రభువా, సీలాసు" అనెను.

ఫిలేమోను తడిక త్రోసికొని లోనికి దూకెను. "ఉపదేశిగారూ! దొరికితిరి!"

హనోకు కన్నులు తెరచి "దొరికితిని. ఏమి దొంగిలితినో సెలవిమ్ము నాయనా" అనెను.

"అందరికి పుట్లకొలది కొలిచి నా పేరు రాగానే నోరు మూసికొంటిరే! బియ్యముమీది కోపమా?"

"బియ్యమునకేమి? పండ్లూడినవానికి నూకలే సుఖము. జావకు బాగుగ నుడుకును."

ఫిలేమోను ముఖము మాడెను. మరుక్షణమే, ఇది తెలిసియు ఇన్నాళ్లు అననివాడు ఇంకేమి దాచెనో యని అనుమాన మినుమడించెను. "అట్లయిన నా యాత్మ ఏల పెరుగదు?"

"నీ పాదులకై యడిగితిని, నీ యెడ్లకై యడిగితిని, నీ మోకాలినొప్పికై యడిగితిని. నీ యాత్మకై యడుగబోయి నాలుక యాగిపోయెను. సీలాసు తన కోపమును గూర్చి నా యొద్ద ఏడ్చెను గావున వానికేమి కావలెనో యెరుగుదును. నీ కొరత యేమో నీ వెన్నడు చెప్పితివి? అందుచే నీ పేరు చెప్పి ఆ తరువాత చోటు విడుచుచున్నాను."

"ఎవరికి?"

"నీకే నాయనా. వచ్చి చెప్పుకొందువని."

పని యెగవేయువాడు చెప్పు సాకులలో నింత నేర్పైన దానిని ఫిలేమోను వినియుండలేదు. ఇంటికి పోయి భార్యతో "దోర్కా, నీకు అలవాటైన పనియే గదా. మన యిద్దరికిని కలిపి నీవే ప్రార్థించి నాకొక మాట కుదిర్చి పెట్టరాదా?" అనెను.

ఆమె చేట దించి "ఓ మామా, క్రిందటియేడు నా కాన్పునొప్పులు పడితివి, చాలలేదా? ఈ యేడు నాకు రోకటిపోటు తలనొప్పి యున్నది, అదియు తీసికొందువా? నీకు బదులు నేను ఏడ్చినచో తడియునవి నా కన్నులే. పొమ్ము" అనెను.

శనివారపు వేకువన వాడు మరల తడికయొద్దకు పోయెను. ప్రార్థించుటకు గాదు, ఆ చోటు నిజముగా విడుచుచున్నాడా లేక పట్టుబడి యప్పటికప్పుడు కల్పించెనా యని తేల్చుకొనుటకు. పేర్లు వచ్చెను. "ప్రభువా, ఫిలేమోను" అని వినబడెను. నిశ్శబ్దము. తడికసందున చూడగా ఉపదేశి తలవంచి పెదవులు బిగించి యుండెను. కునుకుట లేదు, నటించుట లేదు, ఎవరో రావలసియున్నట్లు ఎదురుచూచుచుండెను. ఆ యెదురుచూపు ఫిలేమోనునకు భరింపరానిదాయెను. మోకాళ్లు తమంత తామే యిసుకలో దిగెను.

"ప్రభువా, నేను ఫిలేమోనును. పుచ్చపాదుల ఫిలేమోనును. నాకు ఉపదేశిమీద అనుమానము. సీలాసుమీద అనుమానము. దోర్క నవ్విన అనుమానము, నవ్వకున్న మరియు అనుమానము. నిజము చెప్పవలెనన్న నీమీదను ఉన్నది, వినుచున్నావో లేదో. నేనే యందరిని మోసగించుచు అందరిని కాచుచుంటిని. ఇక నేమనవలెనో తెలియదు. రేపును వత్తును."

లోపల హనోకు మెచ్చుకొనలేదు, దిద్దలేదు. కొంత తడవునకు "ప్రభువా, సీలాసు" అని తన పని తాను సాగించెను.

ఆదివారమున అయ్యగారు బల్లముందు నిలిచి "ఫిలేమోనూ, నీ మాట యేది?" అని యడిగెను. సభయంతయు నవ్వు నాపుకొని యుండెను. వాడు లేచి "అయ్యా, నా మాట మిక్కిలి చిన్నది. ఇన్నాళ్లు ఊరివారి యాత్మలకు కావలి కాచి నా దానిని బీడు పెట్టితిని. నిన్న మొదలుపెట్టితిని. నేటి యుదయము మరల చేసితిని. అనుమానము పోలేదు. మీరిప్పుడు లోలోపల నవ్వుకొనుచున్నారని తోచుచున్నది" అనెను.

ఎవ్వరును నవ్వలేదు. "ఇది యెవరు నేర్పిన మాట?" అని అయ్యగారు అడిగెను.

"ఇట్టిది యెవరు నేర్పుదురండీ? నాదే."

ఆయన రొట్టె విరిచి వాని చేతనుంచెను. తినుటకు ముందు అది సీలాసు ముక్కకంటె చిన్నదా యని వాడు ఓరకంట చూచెనని ఊరివారందురు, నేను ఖండింపను.

ఆరాధన ముగియగా జనులెల్లరు అయ్యగారిని సాగనంప రేవుదాక నడచిరి. ఏటియొడ్డు తడియిసుకపై పడిన ప్రతి యడుగునందును క్రిందినుండి మెల్లగా నీరూరెను. పక్కపక్కనే పడినను ఒకరి యడుగులోని నీరు వేరొకరి యడుగులోనికి పారలేదు. కాని లోతైన దానియందును లోతులేని దానియందును ఆ యుదయసూర్యుడు కొరత లేక సంపూర్ణబింబముగా నిలిచి వెలుగుచుండెను.