కొత్తల్లుడికి కాచిన బ్రాత్

మా ల్యాబ్‌లో ఆ సూక్ష్మజీవికి నేను పెట్టిన పేరు కొత్తల్లుడు. బ్రాత్ అంటే సూక్ష్మజీవుల్ని పెంచడానికి మేం కాచే పోషక ద్రవం. మిగతావన్నీ ఏ బ్రాత్ పోస్తే అందులో పెరుగుతాయి. దీనికి మాత్రం పెప్టోన్ అనే మాంసకృత్తుల పొడి, ఈస్టు పొడి, ఉప్పు సరిపోవు. పైన రక్తంలోంచి తీసిన సీరం కావాలి, విటమిన్ కావాలి, అంతా గోరువెచ్చగా ఉండాలి. కాస్త తేడా వస్తే అలిగి పడుకుంటుంది.

ఇది మా అక్క రక్తంలోంచి వచ్చింది. మూడేళ్ళ క్రితం పై అంతస్తు వార్డులో అక్క జ్వరంతో పడి ఉంటే, కింద బ్రాత్ తయారుచేసే పని నాది. గుండె కవాటంలో ఏం చేరిందో తెలిస్తే గాని సరైన మందు తేలదు. మామూలు బ్రాత్‌లో ఏమీ పెరగలేదని మా ల్యాబ్ డాక్టరుగారు సీరం కలిపినది చెయ్యమన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నదాన్ని, కాళ్ళూ చేతులూ ఆడక, ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్‌లోంచి తీసిన సీసా చల్లారకముందే సీరం పోసేశాను. పాలు విరిగినట్టు విరిగిపోయింది. మళ్ళీ మొదటినుంచి చేసేసరికి ఒక రోజు పోయింది. రిపోర్టు పైకి వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది.

ఒక్క రోజుకి ఏమీ మారేది కాదని డాక్టరుగారు అన్నారు. ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. అయినా నాకు నమ్మబుద్ధి కాలేదు.

అక్కకి ఏ పేచీలూ లేవు. నేను మాడ్చిన కూర కూడా, "బాగుందిలేవే, మాడిందంటే ఉడికిందనేగా" అని నవ్వుతూ తినేది. అలాంటి మనిషి గుండెలోకి ఇంత పెంకిది ఎలా దూరిందో! దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. కానీ అక్క ఒంట్లో బతికినది, ఇంకా బతికి ఉన్నది అదొక్కటే. అందుకే వారంవారం కొత్త బ్రాత్‌లోకి మార్చుతూ మూడేళ్ళు సాకాను. అక్క మీద బెంగ పుట్టినప్పుడల్లా ట్యూబు వెలుతురులోకి ఎత్తి, ఆ సన్నటి మసకని చూసుకునేదాన్ని.

పోయిన నెల ఫ్రీజర్ చెడిపోయి, అందులో దాచినవన్నీ పోయాయి. వారం వారం మార్చే ట్యూబుల్లో కూడా రెండుసార్లు ఏమీ పెరగలేదు. ఒక్క పాత ట్యూబు మిగిలింది.

"ఇదే ఆఖరుదమ్మా. పెరక్కపోతే ఇక వదిలెయ్యి" అన్నారు డాక్టరుగారు.

"పెరుగుతుందండీ. దాని అలకలు నాకు తెలుసు" అన్నాను.

ఈసారి పొడులు రెండుసార్లు తూచాను. సీసా చల్లారేదాకా దాని పక్కనే కూర్చున్నాను. వేడి పూర్తిగా తగ్గిందో లేదోనని తాకి చూశాను, మూత తీసి చూశాను, మళ్ళీ తాకాను, మళ్ళీ తీశాను. చివరికి సీరం పోస్తే ఒక్క తునక కూడా విరగలేదు. పాత ట్యూబులో ఉన్నదంతా అందులో వేసేశాను.

మూడో రోజు పొద్దున బ్రాత్ మసకబారింది.

"లేచావా మహానుభావా!" అని పైకే అన్నాను. సంతోషంగా స్లైడు చేసి, రంగు వేసి, డాక్టరుగారి మైక్రోస్కోపు కింద పెట్టాను.

ఆయన తల ఎత్తకుండానే అన్నారు: "ఇది అది కాదమ్మా. అది పొట్టి పుల్లల్లా ఉంటుంది కదా. ఇవి గుండ్రంగా, గుత్తులుగా ఉన్నాయి. చర్మం మీద ఉండే రకం. నీ చేతిదే అయ్యుంటుంది."

నేనూ చూశాను. గుత్తులే. ఇలా చేతిది కలిపేసి తెచ్చినవాళ్ళని ఇన్నేళ్ళలో ఎంతమందిని చెడామడా తిట్టానో.

"ఇంకొక్కసారి చూడండి" అన్నాను.

చూసిన స్లైడుని ఆయన మళ్ళీ చూడడం నేనెప్పుడూ ఎరగను. కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీ ముందుకి లాక్కుని, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఓపిగ్గా వెతికారు.

"లేదు తల్లీ" అన్నారు.

పై అంతస్తులో నర్సు ఇదే మాట చెప్పిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఇప్పుడొచ్చింది.