అఖ్తర్ బీ రెండో పొయ్యి

అరవై మూడో సంవత్సరం. ప్రొద్దుటూరు కాలేజీలో కొత్త ల్యాబు తెరిచే సభ. ముందు వరసలో కూర్చున్న జియావుల్లాకు ఒళ్లు మండిపోతోంది. మైకు ముందు నిలబడింది అతని గైడు. చెబుతున్నది జియావుల్లా మాట.

రెండేళ్లు నికెల్ ద్రావణాలతో కుస్తీ పట్టాడు జియావుల్లా. ఏ రంగు వెలుగును అవి ఎంత మింగుతాయో స్పెక్ట్రోఫోటోమీటరులో కొలిచి, లోపలి ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి ఎంత బలంగా తోసుకుంటున్నాయో లెక్కగట్టాడు. విడి నికెల్ అయాన్‌లో ఉన్నంత తోపులాట, చుట్టూ అమోనియా అణువులు చేరాక లేదు. ఎలక్ట్రాన్లు కాస్త ఆ అణువుల మీదికీ పరుచుకుని సర్దుకుంటున్నాయి. గైడుకు చెప్పేటప్పుడు తన ఇంటి సంగతే పోల్చాడు. ముగ్గురు కోడళ్లు ఒకే వంటింట్లో జుట్లు పట్టుకుంటుంటే, అమ్మ అఖ్తర్ బీ వసారాలో రెండో పొయ్యి వేయించింది. పోట్లాట పోలేదు గానీ సగమైంది.

గైడు పగలబడి నవ్వాడు. “సైన్సు తీసుకురావయ్యా, మీ ఇంటి రచ్చ కాదు. నీ కొలత తప్పు. విడి అయాన్ విలువే వేసి పట్టుకురా.”

జియావుల్లా వెయ్యలేదు. అప్పటినుంచి థీసిస్ గైడు బల్ల మీదే మూలుగుతోంది.

ఇప్పుడు ఆ పెద్దమనిషే చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. “నికెల్ కాంప్లెక్సుల్లో ఈ తోపులాట తగ్గుతుందని నేను కనిపెట్టాను. మా ఇంట్లో ముగ్గురు కోడళ్లు, ఒకటే వంటిల్లు. వసారాలో రెండో పొయ్యి పెట్టించాను, గొడవ సగమైంది. ఇదీ అంతే.”

దొంగిలిస్తే దొంగిలించాడు, ఆ కథ చెప్పుకోవడానికి మా ఊరే దొరికిందా?

వెనకనుంచి పక్కింటి దావూద్ గొంతు లేచింది. “ఏంది సామీ, అది మా అఖ్తర్ బీ పొయ్యి గదా. ఇటుకలు మోసింది నేనే.”

హాలంతా గొల్లుమంది. గైడు ముఖంలో నెత్తురుచుక్క లేదు. అయినా తేరుకుని, “ఏ ఇల్లయినా అంతేగా,” అని నవ్వబోయాడు.

ఆ నవ్వు చూశాక జియావుల్లా కూర్చోలేకపోయాడు. “పోయినేడు ఇదే మాట నేను చెప్తే తప్పంటిరి గదా సార్.”

“కూర్చో. నీ థీసిస్ మీద సంతకం నేను పెట్టాలి. గుర్తుందా?”

గుర్తుంది. ఆ సంతకం లేకుంటే డాక్టరేటు లేదు, లెక్చరరు ఉద్యోగమూ లేదు.

“పెట్టకుంటే పోనీలే సార్. కొలిచింది నేను.”

ఆడవాళ్ల వరసలో అఖ్తర్ బీ లేచి నిలబడింది. ఆమెను చూసి ముగ్గురు కోడళ్లూ లేచారు, ఏనాడూ ఒక్క మాట మీద నిలవని ఆ ముగ్గురూ.