లైను పక్క పొద

వరహాలమ్మ తలలో పూలు చూసి సూర్యారావు మేష్టారు కుళాయి దగ్గరే ఆగిపోయారు. ఆయన వాల్తేరు కాలేజీలో మొక్కల గురించి పాఠాలు చెబుతారు. రాయపూర్ రైల్వే క్వార్టర్లలో ఉన్న చెల్లెల్ని చూడడానికి వచ్చారు.

“ఈ పువ్వెక్కడిదమ్మా?”

“మా ఆయన లైను మీద్నించి తెచ్చాడు బాబూ.”

ఆమె భర్త పరదేశిది పట్టాల గ్యాంగులో పని. మేష్టారు అతన్ని పిలిపించారు. ఈ పొద ఒకే ఒక్క కొండల వరసలో తప్ప ఇంకెక్కడా లేదనుకుంటున్నామనీ, ఇటు కూడా ఉంటే పెద్ద సంగతేననీ చెప్పి, “ఎక్కడ కోశావు?” అన్నారు.

“గురుతు నేదు బాబూ.”

గుర్తు లేకేం! మహానది దాటాక, రాతిగుట్టను తొలిచి లైను వేసిన చోట. సిగ్నలు కనబడ్డం లేదని మేస్త్రి దానయ్య అక్కడి తుప్పలన్నీ కొట్టించాడు. ఆ పొదలు నరికింది పరదేశే. పడిన కొమ్మ నుంచే పెళ్లానికి నాలుగు పూలు తుంచాడు.

ఆ సాయంత్రం అతను ఒకచోట నిలవలేదు. బజారుకెళ్లి ఉత్త చేతులతో వచ్చాడు. కంచం ముందు కూర్చుని లేచిపోయాడు.

“ఏటయ్యింది మావా?”

చెప్పాడు.

“మేస్త్రి కొట్టమన్నాడు, కొట్టినావు. నీ తప్పేటుంది?”

“కొట్టినందుక్కాదే. అబద్ధమాడేసినాను. ఆ బాబు రేపు బండెక్కెల్లిపోతాడు.”

“అయితే ఎల్లి సెప్పు. నన్ను సూస్తే ఏటొస్తాది?”

పొద్దున్నే స్టేషన్లో చెప్పేశాడు. మేష్టారు చేతిలోని పెట్టె కింద పెట్టేశారు. “వేళ్లు కూడా పీకేశారా?”

“నేదు బాబూ, మొదలుకంటా కొట్టినాం. ఆ ఝాడీ, కొట్టిన తుప్పంతా, అక్కడే పోగేసి ఉంది. ఇయ్యాల తగలెట్టేస్తారు.”

వాల్తేరు వెళ్లే బండీ అటే పోతుంది. ఇద్దరూ ఎక్కి, నది దాటాక దిగి, పట్టాల వెంట వెనక్కి నడిచారు. పోగు బూడిదై ఉంది. మేష్టారు మోళ్ల దగ్గర గొంతుక్కూర్చున్నారు.

“తిట్టండి బాబూ.”

“తిడితే మొలుస్తాయా? వానలకి చిగురేస్తే ఉత్తరం రాయించు.”

వానలు మొదలయ్యాక పరదేశి ఏ ఆదివారమూ ఇంటిపట్టున ఉండలేదు; వెళ్లి ఆ మోళ్లు చూసొచ్చేవాడు. శ్రావణంలో రెండు మోళ్లు చిగిర్చాయి. ఆ వారమే మళ్లీ తుప్పలు కొట్టే పని పడింది. పరదేశి వాటికి అడ్డం నిలబడ్డాడు.

“పిచ్చెక్కిందేట్రా?” అన్నాడు దానయ్య.

“ఈ రెండూ వొగ్గెయ్. సిగ్నలుకి అడ్డొస్తే నానే పైపైన కత్తిరిస్తాను.”

దానయ్య గ్యాంగువాళ్లను పక్కకి రమ్మన్నాడు. “మాటొస్తే నీదే పూచీ,” అని ముందుకు కదిలాడు.

పరదేశి ఉత్తరం రాయించాడు. జవాబు వచ్చేదాకా ఆగలేక, మరుసటి ఆదివారం వెళ్లి ఆ రెండు మోళ్ల చుట్టూ ముళ్లకంప కట్టాడు. స్టేషన్ దాకా వచ్చాక, మేకలు ఆ కంపను లాగేస్తాయేమోనని మళ్లీ వెనక్కి నడిచాడు.