బరకం పాట

మా బ్యాండ్ పేరు బూడిద. పేరు వినగానే మొహం చిట్లించేవాళ్లకు ఒక్కటే చెబుతాను: ఇబ్రహీంపట్నం వచ్చి మా వీధిలో ఒక చొక్కా ఆరేసి చూడండి. థర్మల్ కేంద్రం నుంచి ఇటుకల ఫ్యాక్టరీలకు బూడిద మోసే లారీలు పైన బరకం, అదే టార్పాలిన్ పట్టా, కప్పకుండానే దూసుకుపోతుంటాయి. ఉతికిన గుడ్డ ఆరేలోపే మళ్లీ మాసిపోతుంది.

దీవెన పాడుతుంది, గిటార్ వాయిస్తుంది. డ్రమ్ములు బెన్నీవి. బేస్ గిటార్ నాది. నా పేరు క్రిస్టినా. ముగ్గురం చర్చిలో కీర్తనలకు వాయిస్తూ నేర్చుకున్నవాళ్లమే. ఈ పిచ్చి మాత్రం జపాన్ నుంచి వచ్చింది. ఒకరోజు దీవెనకు ఫోన్‌లో ఒక జపాన్ పంక్ బ్యాండ్ దొరికింది. యాభై దాటిన ముగ్గురు ఆడవాళ్లు. ఏ మ్యూజిక్ కంపెనీకీ సంతకం పెట్టకుండా, తమ స్పీకర్లు తామే మోసుకుంటూ, పెళ్లిళ్లయినా పిల్లలు పుట్టినా అరవడం మానకుండా ఇన్నేళ్లూ నెట్టుకొచ్చారట. వాళ్ల పాటలో ఒక్క ముక్క అర్థం కాలేదు. కోపం మాత్రం బాగా అర్థమైంది.

"వీళ్లకున్న పొగరు మనకెందుకు ఉండకూడదే?" అంది దీవెన.

ఆ బూడిద లారీల మీద సొంతంగా ఒక బరకం పాట కట్టాం. అప్పటినుంచి మైలవరం కాలేజీలో, చల్లపల్లిలో ఒక పుట్టినరోజు ఫంక్షన్‌లో, విజయవాడలో ఒక కాఫీ షాపు మేడ మీద వాయించాం. చల్లపల్లిలో మధ్యలో కరెంటు తీసేశారు. అయినా పూర్తి చేశాం. కానీ ప్రాక్టీసు చర్చి హాల్లో, డ్రమ్ములు కూడా చర్చివే. తాళంచెవి మాకిచ్చింది సంఘపెద్ద అబ్రహాము గారు, దీవెన నాన్న. ఆ హాలు పోతే బ్యాండ్ పోయినట్టే.

ఈసారి పండక్కి ముందు మా చర్చిలో జరిపే సెమీ క్రిస్మస్‌కు ముఖ్య అతిథి పవన్‌కుమార్ గారు. ఆ లారీలు ఆయనవే. స్టేజీ, బిర్యానీ కూడా ఆయనవే.

"కీర్తనలు వాయించండి, చాలు. ఆ బరకం పాట ఎత్తారో, హాలు మర్చిపోండి," అని అబ్రహాము గారు ముందే చెప్పారు.

దీవెన రెండు కీర్తనలు బుద్ధిగా పాడి, మూడో పాటకు గిటార్ మీద గట్టిగా కొట్టింది.

"బరకం కప్పు! లారీ మీద బరకం కప్పు!"

పల్లవి కూడా పూర్తికాలేదు. అబ్రహాము గారు ఇంకో మైకు అందుకుని, "అందరం తలలు వంచి ప్రార్థన చేద్దాం," అన్నారు. అంతే, సంఘమంతా కళ్లు మూసుకుంది. అతిథి గారూ మూసుకున్నారు. మా దగ్గర ప్రార్థన జరుగుతుంటే ఎవరూ కదలరు, చప్పుడు చేయరు. ఎంత పెద్దమనిషైనా ఆమెన్ వచ్చేదాకా కూర్చోవాల్సిందే. బెన్నీ చేతుల్లో పుల్లలు గాల్లోనే ఆగిపోయాయి. నాకు ఒళ్లు మండింది. మా నోరు మూయించడానికి దేవుణ్ణి అడ్డం పెట్టడమేమిటి?

అయితే దీవెన కూడా ఆ పద్ధతిలోనే పెరిగింది. ఒకరి ప్రార్థనను ఇంకొకరు అందుకోవడం మాకు మామూలే. వాళ్ల నాన్న ఊపిరి తీసుకున్న సందులో, ఆమెన్ అనకముందే, తన మైకులో అందుకుంది.

"ప్రభువా, బరకం కప్పించు!"

"కప్పించు ప్రభువా!" అంది ముందు వరసలో సంపూర్ణమ్మ మామ్మ. ఆవిడ ఇల్లు ఆ లారీల రోడ్డు మీదే.

"పవన్‌కుమార్ గారి లారీలన్నిటి మీదా కప్పించు!"

"కప్పించు ప్రభువా!" ఈసారి ఆడవాళ్లందరూ అన్నారు.

బెన్నీ డ్రమ్ము మోగించాడు. నేనూ అందుకున్నాను. దీవెన ఆమెన్ అనకుండా పాటంతా పాడేసింది. అతిథి గారు కళ్లు తెరవలేక, లేవలేక, చెమటలు కక్కుతూ కూర్చున్నారు. మేం అంత గొప్పగా ఎన్నడూ వాయించలేదు.

మర్నాడు పొద్దున్నే హాలు గుమ్మంలో అబ్రహాము గారు తాళంచెవి కోసం కూతురి ముందు చేయి చాపారు.

"సంఘం ముందు తప్పయిందని చెప్పు. హాలు మీకే ఉంటుంది."

తండ్రంటే దీవెనకు ప్రాణం. అయినా "తప్పయితే చెబుదును నాన్నా," అని తాళంచెవి ఆయన చేతిలో పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది.

అటునుంచి అటే సంపూర్ణమ్మ మామ్మ ఇంటికి పోయాం.

"నా అరుగుంది, కరెంటుంది. ఇంకేం కావాలే మీకు?" అంది మామ్మ.

బెన్నీ ఆవిడ నీళ్ల డ్రమ్ము ఖాళీ చేసి బోర్లించాడు. పాట మొదలయ్యేసరికి వీధిలోని ఆడవాళ్లు రోడ్డు మీదికి వచ్చేశారు. బూడిద లారీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి, చివరికి తల బయటపెట్టాడు.

"ఎంతసేపమ్మా మీ పాట?"

దీవెన మైకు దించలేదు.

"మీరు బరకం కప్పేంతసేపండీ."