సొంతింటి పొయ్యి

పొయ్యి తలుపు గాడిలో గట్టిపడిపోయిన పాత జిగురును నేవియో సన్నటి ఉలితో గీకుతున్నాడు. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, మోకాళ్ళ కింద మడతపెట్టిన గోనెసంచి, పక్కన పళ్ళెం. పెచ్చులు నేల మీద పడకుండా ఎడమ అరచెయ్యి అడ్డుపెట్టి, కుడిచేత్తో కాస్త కాస్తగా ముందుకు జరుగుతున్నాడు. పెద్ద చేతులు, కణుపుల దగ్గర ఎంత తోమినా వదలని నలుపు. అరవై దాటిన మనిషి, నడుము వంగితే లేవడానికి గోడ పట్టుకోవాలి. అయినా పొయ్యి ముందు కూర్చున్నాడంటే లోకం మరిచిపోతాడు.

"ఇంకా ఎంతసేపు అబ్బాయ్? నా కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి," అంది ఒలింత, కుర్చీలో శాలువా చుట్టుకుని. ఒకప్పుడు ఆ ఊరి పోస్టాఫీసు నడిపిన మనిషి. ఇప్పటికీ ఊళ్ళో మగాళ్ళంతా ఆమెకు అబ్బాయిలే.

"తాడు పెట్టడం ఎంతలో పనండీ. ఈ గీకుడే ప్రాణం తీస్తుంది."

"సర్లే. నీ పెళ్ళాం ఎప్పుడొస్తోంది?"

"రేపు," అన్నాడు నేవియో. ఆ ఒక్క మాట అనడానికి ఉలి పక్కన పెట్టాడు.

ఇటలీ ఉత్తరాన ఈ కార్నియా కొండల్లో అక్టోబరు వచ్చిందంటే అతనికి ఊపిరి సలపదు. లోయలో ఇప్పుడు ఏ ఇంట చూసినా రంపపుపొట్టు గుళికలతో మండే పొయ్యే. బస్తా విప్పి పైనుంచి పోస్తే చాలు, దానికి కావలసినంత అదే మింగి అదే మండుతుంది. దాని అద్దం తలుపు చుట్టూ, గాడిలో, గాజునూలుతో పేనిన తాడు ఒకటి ఉంటుంది. అదే గ్యాస్కెట్. కొన్ని చలికాలాలు గడిచేసరికి అది అణిగి, బిరుసెక్కిపోతుంది. ఆ సందులోంచి గాలి లోపలికి దూరుతుంది, పొగ బయటికొస్తుంది. వేసవంతా ఎవరికీ ఆ ఊసే ఉండదు. మొదటి చలిగాలి కొట్టగానే లోయంతా ఒక్కసారే నేవియోకు ఫోను చేస్తుంది.

గాడి శుభ్రమయ్యాక జిగురు సన్నటి ధారగా పోసి, కొత్త తాడును వేలితో నొక్కుతూ కూర్చోబెట్టాడు. తాడును లాగకూడదు. లాగి అంటిస్తే ఆ పూటకు నున్నగా, ముచ్చటగానే ఉంటుంది. మర్నాటికి ముడుచుకుని అతుకు దగ్గర నోరు తెరుస్తుంది.

ఈ పొయ్యి ఉన్నచోటే ఒకప్పుడు ఆకుపచ్చ పెంకుల కట్టెల పొయ్యి ఉండేది. దాని గొట్టం తుడవడానికి నేవియో కుర్రతనంలో తన తండ్రి వెంట వచ్చేవాడు. ఇల్లంతా బీచ్ చెట్ల కట్టెల వాసన, పొయ్యి మీద ఎప్పుడూ కుతకుతలాడే పోలెంటా సంకటి. భార్య ఎర్సీలియాను మొదట చూసింది ఈ వంటింట్లోనే. ఒలింత దగ్గర ఉత్తరాలు పంచే పనిలో అప్పుడే చేరింది. మసిలో కళ్ళు తప్ప ఇంకేమీ కనబడని కుర్రాణ్ణి చూసి పడీపడీ నవ్వింది. తర్వాత జాలేసిందేమో, గిన్నెడు వేణ్ణీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. "కడుక్కో. లోపల మనిషున్నాడో లేదో చూద్దాం," అంది. ఆ నీళ్ళ వెచ్చదనం నేవియోకు ఇప్పటికీ గుర్తే.

"ఆ పిల్ల ఆ రోజు నీ మొహం కడిగించబట్టి సరిపోయింది," అంది ఒలింత, అతని మనసులోకి తొంగి చూసినట్టు. "లేకపోతే నిన్నెవత్తి చేసుకునేది?"

"ఎవత్తీ చేసుకునేది కాదండీ," అని ఒప్పేసుకున్నాడు.

గ్రాప్పా సారా కలిపిన కాఫీ తాగి, రేపటిదాకా వెలిగించొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పి బయటపడ్డాడు. మెట్లు దిగుతూ కమ్మీ పట్టుకుని కాసేపు ఆగాడు. ఈ మధ్య ఎక్కడం కంటే దిగడమే ఆయాసంగా ఉంటోంది. గుళికల బస్తాలు మోసి మోసి ఇలా అయిందనుకుంటాడు.

ఎర్సీలియా నెల మొదట్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరి, కింద పట్నంలో ఆసుపత్రి పాలైంది. నిన్న డాక్టరమ్మ అతన్ని వరండాలోకి పిలిచింది. "ఇంటికి పంపుతాం. కానీ ఇంట్లో పొగ వాసన కూడా ఉండకూడదు. ఇంకోసారి ఇలా అయితే తట్టుకోలేదు," అంది. ఆ తర్వాత మామూలుగానే, "మీరేం పని చేస్తుంటారు?" అని అడిగింది. నేవియో నల్లబడిన చేతులు కోటు జేబుల్లో దాచుకున్నాడు.

ఎందుకంటే లోయలోకెల్లా పాడైపోయిన గ్యాస్కెట్ అతని ఇంట్లోనే ఉంది. తలుపు పైఅంచు నుంచి పొగ తీగలా సాగి గోడ మీద చార కట్టింది. ఎర్సీలియా దెప్పిపొడవని రోజు లేదు. "ఫాదరుగారి పొయ్యి చేస్తావు, మందుల షాపాయనది చేస్తావు, మేకలు కాసే ముసలమ్మది కూడా చేస్తావు. నీ ఇంటికి రావాలంటే సిఫార్సు కావాలేంటి?" అనేది. "రేపు చూస్తాలే," అనేవాడు. నిజంగానే చూద్దామనుకునేవాడు.

ఒకసారి ఫోను మోగింది. ముక్కుతో మాట్లాడే ఆవిడెవరో. "నా పేరు బెర్గమిని అండీ. చర్చి వెనక సందులో కొత్తగా దిగాం. పొయ్యి పొగ కక్కుతోందండీ, మీరు చాలా పనిమంతులని విన్నాను," అంది. గురువారం వస్తానని నేవియో మాటిచ్చాడు. వెళ్ళి, తన సందులోనే అటూ ఇటూ తిరిగి, ఈ బెర్గమిని ఎవరబ్బా అని తల గోక్కుంటుంటే తన ఇంటి తలుపే తెరుచుకుంది. ఉతికిన ఆప్రాను కట్టుకుని ఎర్సీలియా నిలబడి ఉంది. "రండి రండి, మీ కోసమే చూస్తున్నానండీ," అంది ముక్కుతోనే. నవ్వీ నవ్వీ నేవియో మెట్టు మీద కూలబడ్డాడు. చుట్టాలకు తీసే కప్పులో కాఫీ ఇచ్చింది. తీరా వ్యానులో చూస్తే ఆ తలుపుకు సరిపడా లావు తాడు లేదు. "రేపు తెస్తానండీ," అన్నాడు. "అందరిళ్ళల్లోనూ ఇలాగే చెప్తారాండీ?" అంది. ఆ రాత్రే మంచు పడింది, లోయంతా ఫోన్లు చేసింది. రేపు వెనక్కి వెనక్కి పోయింది.

ఇప్పుడు తల్చుకుంటే నవ్వు వచ్చినంత జోరుగా ఏడుపూ వస్తోంది. ఆ పొగే ఆమె ఛాతీలోకి పోయిందా? డాక్టరమ్మ అలా అనలేదు. అనకపోయినా ఆ మాట అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

వ్యాను ఎక్కుతుంటే ఫోను మోగింది. పై ఊరి హోటలాయన. సాయంత్రంలోపు రాకపోతే కొంపలంటుకుంటాయన్నాడు.

"ఇవాళ కుదరదు. వేరే ఇంటికి ఒప్పుకున్నాను," అన్నాడు నేవియో.

"నాకంటే గొప్పవాళ్ళెవరయ్యా వాళ్ళు?"

"బెర్గమిని గారని. చాలాకాలంగా ఎదురుచూస్తున్నారు."

ఇంటికొచ్చి తలుపు ఊడదీసి, బల్ల మీద పాత దుప్పటి పరిచి పడుకోబెట్టాడు. పాత తాడు ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చింది. ఊళ్ళో ఏ ఇంట్లోనైనా ఇలాంటిది కనబడితే ఆ ఇంటివాళ్ళకు చీవాట్లు పెట్టేవాడే. గాడిని మూలమూలలా గీకాడు, తీగబ్రష్షుతో తోమాడు, ఊది, మళ్ళీ తోమాడు. వ్యానులో ఉన్నవాటిలో మేలైన తాడు తెచ్చాడు. నాలుగు వైపులా నొక్కుకుంటూ వచ్చి, అతుకు కింద అంచున పడేలా చూసి, రెండు కొసలూ ఒకదాన్నొకటి ఆనుకునేలా కూర్చోబెట్టాడు.  

తలుపు తిరిగి బిగిస్తుండగా బయట కారు ఆగింది. పక్కింటి డిర్చే గొంతు ముందు వినబడింది, తర్వాత దగ్గు.

గుమ్మంలో ఎర్సీలియా నిలబడి ఉంది. కోటు వదులై భుజాల మీంచి జారుతోంది. సగమైపోయింది మనిషి.

"చూడ్డానికి వెళ్తే, మంచం ఖాళీ కావాలి, ఇవాళే తీసుకుపొమ్మన్నారు," అంది డిర్చే. "నీకు ఫోను చేస్తే ఎత్తవేం? ఇదేంటి, ఇల్లు ఇలా గడ్డకట్టుకుపోయింది?"

నేవియో స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "జిగురు తెల్లారేదాకా ఆరాలి. ఇప్పుడు వెలిగిస్తే ఊడిపోతుంది, మళ్ళీ పొగే," అన్నాడు. "రేపు కదా వస్తావనుకున్నా."

"నీ రేపుకి నేనే ముందొచ్చానన్నమాట," అంది ఎర్సీలియా. పొయ్యి దగ్గరికి నడిచి, తలుపు చుట్టూ తెల్లగా మెరుస్తున్న కొత్త తాడును వంగి చూసింది. ఏదో దెప్పుతుందని అతను ఎదురుచూశాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"ఈ రాత్రికి మా ఇంట్లో పడుకోవే," అంది డిర్చే.

"నెలంతా పరాయి మంచం మీదే పడుకున్నాను. ఇవాళ నా మంచం మీదే."

డిర్చే గొణుక్కుంటూ వెళ్ళి చారు గిన్నె పంపింది. ఇద్దరూ కోట్లు వేసుకునే భోంచేశారు. నోట్లోంచి ఆవిర్లు వస్తుంటే ఎర్సీలియా నవ్వింది. పెళ్ళైన కొత్తలో, పైకప్పు కారే గదిలో, ఇలాగే కోట్లతో తినేవాళ్ళు. ఆ గది గురించీ, అక్కడ పెంచుకున్న పిల్లి గురించీ, చచ్చిపోయిన వాళ్ళ గురించీ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆమె దగ్గినప్పుడల్లా అతను పొయ్యి వైపు చూసేవాడు.

పక్కగదిలో ఆమెను పడుకోబెట్టి, వేణ్ణీళ్ళ సంచి కాళ్ళ దగ్గర పెట్టి, ఇంట్లో ఉన్న రెండు బొంతలూ కప్పాడు.

"మరి నీకో?"

"నాకు కోటుంది. కాసేపు కూర్చుని వస్తా. తెల్లారాక నువ్వే వెలిగించు. నీ చేత్తో."

"మీరే వెలిగించండి బెర్గమిని గారూ అని చెప్పు," అంది ముక్కుతో.

"మీరే వెలిగించండి బెర్గమిని గారూ," అన్నాడు నేవియో. ఆ నవ్వుతోనే వెళ్ళి పొయ్యి ముందు కుర్చీలో కూర్చున్నాడు.

తెల్లవారింది. ఎర్సీలియా లేచి వచ్చేసరికి అతను కుర్చీలోనే ఉన్నాడు, గడ్డం ఛాతీ మీద ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని. అలిసిపోయాడు పాపం, పడుకోనీ అనుకుంది. చప్పుడు చేయకుండా మీట నొక్కింది. గుళికలు టకటకా రాలాయి. కాసేపటికి అద్దం వెనక ఎర్రటి కణిక రాజుకుని, మంట లేచింది. ఆమె తలుపు చుట్టూ ముక్కు పెట్టి వాసన చూసింది. భయపడుతూనే గుండె నిండా గాలి పీల్చింది. దగ్గు రాలేదు.

"ఏమయ్యా, చూడు. పిసరంత పొగ లేదు," అంది, వెనక్కి తిరిగి.

రెండోసారి పిలిచింది. తర్వాత అతని చెయ్యి తాకింది. ఆ చెయ్యి గదికంటే చల్లగా ఉంది.

ఆమె కేకలు పెట్టలేదు. పీట లాక్కుని పక్కన కూర్చుని, మసి వదలని ఆ వేళ్ళను తన రెండు చేతుల్లోకి తీసుకుంది. డిర్చే పాలు తెచ్చేదాకా అలాగే ఉంది. ఈలోపు గది నెమ్మదిగా వేడెక్కింది, కిటికీ అద్దాల మీది తేమ జారిపోయింది.

జనం వచ్చి అతన్ని లోపలికి మోసుకుపోయాక ఆమె లేచి నిలబడింది. కునుకు తీసేముందు నేవియో తీసి పెట్టిన కళ్ళజోడు పొయ్యి పైరేకు మీద ఉంది. చేతిలోకి తీసుకుంటే, అప్పుడే అతని మొహం మీంచి తీసినట్టు, వెచ్చగా ఉంది.